చావుపిట్టకు తమలపాకు మొఖం

మీ ఇంట్లోకి గుడ్లగూబ వస్తే మీరు ముందు దేనికోసం వెతుకుతారు, దాన్ని చూడడానికి టార్చిలైటు కోసమా, ఇంటికి వేయడానికి తాళం కోసమా?

నాకు తెలుసు, మీరు చదువుకున్నవాళ్లు. మాకు అలాంటి పట్టింపులు లేవంటారు. మా బావ కూడా అలాగే అనేవాడు. బస్సు డిపోలో ఉద్యోగమంతా ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ఏ చప్పుడు ఏ భాగం నుంచి వస్తుందో చెవితోనే చెప్పేవాడు. అంతటివాడు తన ఇంటి సజ్జ మీది నుంచి బుస వినబడితే మాత్రం కారణం వెతకలేదు, ముహూర్తం వెతికాడు.

హైదరాబాదు పాతబస్తీ జహనుమాలో అక్కాబావలది చిన్న ఇల్లు. ముందుగది అక్క కుట్టుమిషన్‌ది. షట్టరు ఎత్తితే దుకాణం, దించితే ఇల్లు. వెనకగదిలో సజ్జ మీద పాత బిందెలు, విరిగిన టేబుల్ ఫ్యాను, ఎవరూ విప్పని అట్టపెట్టెలు. ఆ పైన వెంటిలేటరు అద్దం ఎప్పుడో పగిలిపోయింది. వానలు వెనకపట్టే రోజుల్లో ఆ కంతలోంచి ఒక తెల్లటి పిట్ట వచ్చి అట్టపెట్టెల వెనక చేరింది. మా దగ్గర దాన్ని చావుపిట్ట అంటారు. అంత పేరు పెట్టేశాక ఇంక దాన్ని చూడాల్సిన పని ఎవరికుంటుంది?

బావ వెళ్లి అయ్యగారిని అడిగాడు. అయ్యగారు తేల్చేశారు: ఇల్లు పాడుపెట్టాలె. ఈ మాట వినని తెలుగువాళ్లు తక్కువ. చెడు నక్షత్రంలో ఎవరైనా పోయినా, కీడు పిట్ట లోపలికి దూరినా, ఇంటికి తాళం వేసి, దీపం కూడా పెట్టకుండా, నెలల తరబడి ఇంకెక్కడో తలదాచుకోవాలి. ఆ మాటను ఒక్కసారి విప్పి చూడండి. ఇల్లు పాడైంది కాబట్టి వదిలేయమని ఎవరూ అనడం లేదు. గోడలు బాగున్నాయి, నల్లా వస్తోంది, కరెంటు ఉంది. ఆ బాగున్న ఇంటిని మన చేతులతో మనమే పాడు పెట్టాలట. భయం చేసే పనిని ఇంత నిజాయితీగా ఒప్పుకున్న క్రియాపదం నాకు ఇంకొకటి కనబడలేదు.

అక్కకు ఇది మిషన్ సంగతి. దీపావళి దాటితే పెళ్లిళ్లు మొదలవుతాయి. సంవత్సరంలో సగం కుట్టుపని ఆ రోజుల్లోదే. షట్టరు దించి నెలలపాటు పోతే గిరాకీ పక్క గల్లీకి పోతుంది, తిరిగి రాదు. ఆ షట్టరు పెట్టించుకోవడానికి ఆమె ఒకప్పుడు బావతో ఎంత కొట్లాడిందో నేను చూశాను. ఆ ఇంట్లో ఆమె మాటకు విలువ వచ్చింది ఆ మిషన్ తిరగడం మొదలైన తర్వాతే. ఇప్పుడు మలక్‌పేటలో ఎక్కడో రెండో అంతస్తులో కిరాయి గది అంటే, మిషన్ మీద బట్ట కప్పడమే.

విచిత్రమేమిటంటే నల్లా దగ్గరి నుంచి చెత్తబండి దాకా ఏ పంచాయితీలోనూ ఒక్క మాట మీదికి రాని మా గల్లీ ఈ పిట్ట విషయంలో ఒక్కటైంది. అయ్యగారు కీడు అన్నారు. పక్కింటి ఖాలా మనహూస్ అంది. ఇద్దరి మాటకూ అర్థం ఒకటే, దరిద్రం. రెండు ధర్మాలు కలిసి ఒక పావుకిలో పక్షి మీద తీర్పు చెప్పాయి. కాకపోతే ఖాలా చెప్పిన మాట నాకు బావ ద్వారానే తెలిసింది. అక్క పెళ్లై ఆ ఇంటికి వచ్చిన్నాటి నుంచి ఆమెకు తోడు ఖాలాయే. గోడ మీది నుంచి కూర గిన్నెలు ఇటూ అటూ పోతూనే ఉండేవి. ఈ మధ్య ఆ గిన్నెలు ఆగిపోయాయి. నల్లా నీళ్ల దగ్గర ఏదో మాటామాటా అయిందనుకున్నాను.

నేను ఊరుకుంటానా? చిన్నప్పుడు లైబ్రరీ మెట్ల మీద ఆదివారం ఆదివారం జరిగే వాదనల్లో పెరిగినవాణ్ని. ఎదుటివాడి మాటలో సందు దొరికితే చాలు, అందులో కాలు పెట్టడం నేర్పారు మాకు. అయ్యగారి దగ్గరికే వెళ్లాను. గుడ్లగూబ వస్తే కీడు జరిగేదైతే మరి నేనూ ఆ ఇంట్లో అన్నం తింటున్నాను, నాకేమీ కాలేదే అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు.

“నీకు నమ్మకం లేదు, నీకు తాకది. వాళ్లకు ఉన్నది, తాకుతది. మధ్యల నాతోని లొల్లి ఎందుకు?”

అంత గట్టి జవాబు నాకు ఏ వేదిక మీదా ఎదురుకాలేదు. దోషం పిట్టలో లేదని, నమ్మకంలోనే ఉందని ఆయనే ఒప్పేసుకున్నట్టు కదా అని ఇంటికొచ్చాక తట్టింది. పరుగెత్తుకెళ్లి ఆ మాట అక్కకు చెప్పాను. బావ పక్కనే ఉన్నాడు. ఉపన్యాసం మంచిగుంది బామ్మర్దీ, మీటింగు అయిపోయినంక చాయ్ తాగి పో అన్నాడు. అక్క మాత్రం నవ్వలేదు.

“తమ్మీ, నువ్వు గెలిచినవ్. గెలిచి మీ ఇంటికి పోతవ్. దాని కింద పండేది నేను గదా.”

ఆమె కళ్ల కింద నల్లబడింది. అప్పుడే అనిపించింది, ఇది ఒక్క పిట్ట భయంలా లేదని. ఇంకేదో ఉంది, చెప్పడం లేదు.

దసరా సెలవుల తర్వాత నేను పడమటి కనుమలకు పోవాల్సి ఉంది. ఆ లైబ్రరీ మెట్ల మీద నాకు ఎదురుగా కూర్చుని వాదించిన స్నేహితుడొకడు అక్కడ అడవి అంచున చిన్న లాడ్జి నడుపుతున్నాడు. ఎన్నాళ్ల నుంచో రమ్మంటున్నాడు. నాతో రా అక్కా, అక్కడ రెండు పూటలు కంటినిండా నిద్రపో, వచ్చాక ఇల్లు వదిలేది లేనిది ఆలోచిద్దాం అన్నాను. బావ వెంటనే సరేనన్నాడు. మీరు వచ్చేలోపు మలక్‌పేటలో ఇల్లు చూసి పెడుత అన్నాడు. అంటే తిరిగొచ్చేసరికి మూటాముల్లె కట్టాలన్నమాట. మిషన్ మీద బట్ట కప్పి అక్క నాతో బయల్దేరింది.

అది మబ్బుల అడవి. అక్కడ మబ్బు ఆకాశంలో ఉండదు. చెట్ల మధ్యలోంచి, మన పక్కనుంచి, మనకంటే నెమ్మదిగా నడిచి పోతుంది. కొమ్మల మీద నాచు, నాచు మీద నీళ్లు, వాన లేకున్నా ఆకుల చివరల నుంచి రోజంతా చుక్కలు. ఉతికి ఆరేసిన చీర మరింత తడిసింది. అక్కకు ఇదొక్కటీ నచ్చలేదు. జలగలకు కూడా ఆమె భయపడలేదు. మడమకు పట్టిన జలగను ఉప్పు పెట్టి రాల్చేసి, దీనికన్నా మా గల్లీ దోమలే ఎక్కువ తాగుతయి అంది.

మొదటి రోజు తెల్లారగానే గొడవ జరిగింది. నేను ఇంకా దుప్పట్లో ఉన్నాను. అక్క తలుపు కొట్టింది, చేతిలో చెప్పు ఉంది.

“పొద్దుగాల పొద్దుగాల ఎవడు తమ్మీ గా పోకిరోడు? ఆడోళ్లున్న కాడ ఈలలేంది?”

నిజంగానే ఎవడో పాట సగం మరిచిపోయినవాడిలా ఈల వేస్తున్నాడు. నా స్నేహితుడు చాయ్ పట్టుకుని వచ్చి, వాగు దగ్గర రాయి మీద కూర్చున్న నల్లటి పిట్టను చూపించాడు. రెక్కల మీద నీలం మెరుస్తోంది. ఈల వేస్తున్నది అదే. అక్క చెప్పు కింద పెట్టింది. తర్వాత తన మీద తనే నవ్వుకుంది. ఇల్లు విడిచాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ రోజే లాడ్జి గైడు మమ్మల్ని అడవి లోపలికి తీసుకెళ్లాడు. మాతో పాటు పుణె నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరమ్మ, మెడలో పెద్ద కెమెరా. వెదురు పొదల దగ్గర గైడు ఆగి వేలు పెదవి మీద పెట్టాడు. కప్పనోటి పక్షి ఉందట, చూడండన్నాడు. నాకు ఎండుటాకులు తప్ప ఏమీ కనబడలేదు. టీచరమ్మ కూడా కెమెరా ఇటూ అటూ తిప్పుతోంది. అక్క నా చెవి దగ్గరికి వచ్చి, ఆ ఎండుటాకుల మీద తెల్ల బుట్టీలు ఉన్నయి చూడు, ఆకులకు బుట్టీలు ఎవరు వేస్తరు అంది. రోజంతా బట్టల మీది బుట్టీలు కుట్లలో కలిపే కన్ను అది. అప్పుడు కనబడింది నాకు, కళ్లు మూసుకుని, మూతి పైకెత్తి, కొమ్మకు అతుక్కున్న పిట్ట. దాని పక్కన ఇంకొకటి. జంట. చూస్తే ఉల్లూలా, అంటే గుడ్లగూబలా, ఉంటుంది గానీ కాదని గైడు హిందీలో అన్నాడు. ఉల్లూ అన్న మాట చెవిన పడగానే అక్క కొంగు తల మీదికి లాక్కుని రెండడుగులు వెనక్కి వేసింది.

అసలు సంగతి మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర బయటపడింది. టీచరమ్మ గుడ్లగూబల కోసం ఊరూరా తిరుగుతోందట. చెట్టుతొర్రల కింద గంటలకొద్దీ కూర్చుందట. తెల్ల గుడ్లగూబను ఒక్కసారైనా దగ్గర నుంచి చూడాలని ఆమె కోరిక. ఇప్పటిదాకా కుదరలేదని ప్లేటులో చెయ్యి పెట్టి దిగులుగా చెప్పింది. అక్క అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా, మా హైదరాబాదు హిందీలో అంది.

“హమారే ఘర్ మే హై నా. సజ్జే పే బైఠ్తా.”

మా ఇంట్లోనే ఉంది, సజ్జ మీద కూర్చుంటుంది అని. బల్ల దగ్గర అందరూ ఆమె వైపు తిరిగారు. ఆ చూపులో నేను ఎదురుచూసిన భయం లేదు. అసూయ ఉంది. ఎలా ఉంటుంది, ఎప్పుడు వస్తుంది, ఏం తింటుంది అంటూ టీచరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

అప్పుడు విన్నాను నేను, మా అక్కకు ఆ పిట్ట గురించి ఎంత తెలుసో. మొఖం తమలపాకు లాగ ఉంటుందట, పైన రెండు వైపులా గుండ్రంగా, కిందికి కొస తేలి. కళ్లు నల్లటి గుండీల్లాగ ఉంటాయట. మసీదులో సాయంత్రం మగ్రిబ్ అజా అయిపోయి వీధి దీపాలు వెలిగే వేళకు బయటికి పోతుందట. ఎగిరితే మిషన్‌లో నూనె పోసినట్టు చప్పుడే ఉండదట. పందికొక్కు పిల్లను కాళ్లలో పట్టుకుని కంతలోంచి దూరడానికి ఎన్నిసార్లు తంటాలు పడిందో కూడా చెప్పింది. పెట్టెల వెనక నుంచి చిన్న చిన్న బుసలు కూడా వస్తాయి, పాములేమో అనుకున్న అంది. పిల్లలు అని టీచరమ్మ చప్పట్లు కొట్టింది. భయంతో నిద్రపోకుండా అక్క ఇన్నాళ్లూ చేసిన పని ఏమిటంటే, కళ్లార్పకుండా చూడడం. డబ్బు పెట్టి, కెమెరాలు మోసి జనం ఇంత దూరం వచ్చి చేసే పనిని ఆమె ఇంట్లో పండుకుని చేసేసింది.

తర్వాత అక్క గొంతు తగ్గించింది. తెలుగులో, నా వైపు తిరిగి, నాకు ఇన్నాళ్లూ చెప్పని మాట చెప్పింది. సజ్జ కింద నల్లటి ఉండలు దొరుకుతున్నాయట. బొటనవేలంత ఉంటాయి, లోపల వెంట్రుకలు, ఎముకలు. ఊడ్చి పారేస్తే మళ్లీ వస్తున్నాయి.

“ఎవరో చేతబడి చేస్తున్నరు తమ్మీ. ఇంట్లకు వచ్చిపోయేది ఖాలా ఒక్కతే.”

గోడ మీద గిన్నెలు ఆగిపోయింది అందుకు. ఆమె కళ్ల కింది నలుపు అందుకు. నేనేమో గల్లీ అంతా తిరిగి గుడ్లగూబను గెలిపించుకుంటున్నాను. ఆమె గుండెల్లో కూర్చున్నది ఆ ఉండ.

నా స్నేహితుడు లేచి కిటికీ గట్టు దగ్గరికి వెళ్లాడు. అక్కడ అడవిలో దొరికిన ఈకలు, గింజలు పరిచి ఉన్నాయి. వాటి మధ్య నుంచి ఒక నల్లటి ఉండ తెచ్చి అక్క ముందు కాగితం మీద పెట్టాడు. ఇదేనా అన్నాడు. అక్క కుర్చీ వెనక్కి నెట్టింది. గుడ్లగూబ ఎలుకను నమలకుండా మింగుతుందని, అరగని బొచ్చూ ఎముకలూ ఉండ చుట్టి కక్కేస్తుందని అతను చెప్పాడు. ఉపన్యాసం ఇవ్వలేదు, అంతే చెప్పి ఊరుకున్నాడు. అక్క కుర్చీ మళ్లీ ముందుకు జరుపుకుంది. మెడలో పుస్తెలతాడుకు వేలాడుతున్న పిన్నీసు ఒకటి తీసింది. తప్పు కుట్టు విప్పినంత ఓపికగా ఆ ఉండను విప్పింది. బొచ్చు పక్కకు పోయింది. సన్నటి ఎముకలు. తర్వాత ఒక చిన్న దవడ, దాని ముందు రెండు వంపు పళ్లు.

“ఎలుక పండ్లు,” అంది అక్క. “బట్టలు కొరికేవి గివే.”

కొంచెం ఆగి, ఆ పిట్ట వచ్చిన తర్వాత తన దుకాణంలో ఒక్క గుడ్డ ముక్క కూడా ఎలుకలు కొరకలేదని తనే అంది. ఆమె భుజాలు దిగడం నాకు కనబడింది. బరువైన మూట ఎవరో పక్కన పెట్టినట్టు, మెడ ఇటూ అటూ తిప్పుకుంది. తర్వాత ఇంకో పిడికెడు అన్నం పెట్టించుకుంది. నా జీవితంలో విన్న వాదనలన్నిటిలోనూ నాకు తృప్తినిచ్చింది ఆ పిన్నీసు చేసిన వాదనే.

ఆ సాయంత్రం బావ ఫోన్ చేశాడు. ఇల్లు దొరికిందట. పోయేముందు పీడ వదిలించుకుందామని పిట్టలు పట్టేవాణ్ని పిలిచాడట, తెల్లారి వస్తానన్నాడట. వద్దు, ముట్టనియ్యకు అని అక్క అంటుండగానే మబ్బు కమ్మి సిగ్నల్ పోయింది. మళ్లీ కలవలేదు. తెల్లారి కొండ దిగే జీపులో, తర్వాత రైల్లో, బావ ఫోను మోగుతూనే ఉంది, ఎత్తడు. గుడ్లగూబలను పట్టడం నేరమని, దీపావళి దగ్గరపడితే పూజల పేరు మీద వాటి గొంతులు కోస్తారని నాకు తెలుసు. ఆ మాట అక్కతో అనలేదు. ఆమెకూ తెలిసినట్టే ఉంది. దారంతా కిటికీ వైపే చూస్తూ, పిల్లలున్నయి అని ఒకసారి మాత్రం అంది.

జహనుమా గల్లీలోకి ఆటో తిరిగేసరికి షట్టరు దించి ఉంది. బావ అరుగు మీద కూర్చున్నాడు. ఎండలో నిచ్చెన గోడకు ఆనించి ఉంది. అక్క ఆటో ఆగకముందే దిగింది. ఆమె ఏమీ అడగకముందే బావ తల అడ్డంగా ఊపాడు. ఫోను వెనకగదిలోనే మరిచిపోయి రాత్రంతా అరుగు మీదనే పండుకున్నాడట, మళ్లీ లోపలికి పోవడానికి కాళ్లు రాలేదట. పట్టేవాడు వచ్చాడు, నిచ్చెన ఎక్కాడు, అట్టపెట్టె జరిపాడు. పిల్లలున్నయి, తల్లితో పాటు అవి కూడా తీసుకపోత, పండుగకు మస్తు గిరాకీ అన్నాడట. ఆ మాటకు బావకు ఒళ్లు మండింది. నిచ్చెన దిగు, నడువ్ అని పంపేశాడు. ఎందుకు పంపావు బావా అని ఆశగా అడిగాను. సైన్సు ఏమైనా పనిచేసిందేమోనని.

“పిల్లతల్లిని ఇంట్లకెళ్లి ఎల్లగొడితే ఉసురు తాకుతది బామ్మర్దీ. గా పాపం నాకెందుకు?”

మూఢనమ్మకాన్ని ఓడించడానికి ఇంకో మూఢనమ్మకమే దిగివచ్చిందని నేను నొచ్చుకోవాల్సింది. నిజం చెప్పాలంటే నాకు నవ్వొచ్చింది. ఉసురు అన్న పేరుతోనే అయినా ఒక మనిషి ఒక తల్లిని తల్లిగా చూశాడు. చాలు.

అక్క లోపలికి వెళ్లి సజ్జ కింద నుంచి ఒక ఉండను పాత పేపరులో పట్టుకొచ్చింది. అరుగు మీద బావ పక్కన కూర్చుని పిన్నీసు తీసింది. బావ మొదట మొఖం తిప్పుకున్నాడు. తర్వాత వంగాడు. దవడ బయటపడేసరికి కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఇంజను విప్పినప్పుడు చూసే చూపు అది, నాకు తెలుసు. ఇది మింగేది అరిగేది అరుగుతది, అరగనిది బయటికి కొడుతది, మంచి ఫిల్టర్ ఉన్నది దీనికి అన్నాడు. ఆ తర్వాత అసలు ఫికర్ పట్టుకుంది ఆయనకు. మలక్‌పేట ఇంటాయనకు ఏదో ఒకటి చెప్పవచ్చు. అయ్యగారికి ఏం చెప్పాలె?

అక్క పేపరు మడుస్తూ లేచింది.

“ఇంట్ల బాలింత ఉన్నది, కదలరాదని చెప్పు.”

బావ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అక్క షట్టరు ఎత్తింది. మిషన్ మీది బట్ట తీసి దులిపింది. సాయంత్రం గిన్నెలో ఏదో పోసి, దాని మీద మూత పెట్టి, పేపరు పొట్లం కూడా చేతిలో పట్టుకుని ఖాలా గోడ దగ్గరికి వెళ్లింది. ఆడవాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. కాసేపటికి ఖాలా నవ్వు మాత్రం గల్లీ అంతా వినబడింది. అజా అయిపోయింది, వీధి దీపాలు వెలిగాయి. మా నెత్తి మీది నుంచి తెల్లటిది ఒకటి చప్పుడు లేకుండా పోయింది. నలుగురం తలెత్తి చూశాం. తమలపాకు మొఖమే.

అందుకే మిమ్మల్ని వదలను. మీ ఇంట్లో, మీ గల్లీలో, ఎవరో ఒకరి సజ్జ మీద ఇప్పుడు ఒక పిట్ట ఉంది, దాని పేరు చెప్పి ఎవరో తాళం వెతుకుతున్నారు. పోయి ఆపండి. పట్టేవాడు నిచ్చెన తెస్తే నిచ్చెన లాగేయండి, అటవీ శాఖకు ఫోన్ చేయండి. ఇల్లు పాడుపెట్టమన్నవాడితో వాదన పెట్టుకోకండి. దాని కింద పడిన ఉండను కాగితం మీద పెట్టి, చేతికి పిన్నీసు ఇచ్చి, అతని చేతనే విప్పించండి.